ఊపిరితిత్తుల జబ్బుకు కడుపులో బాధ ఎందుకు?

జలుబు చేస్తే ముక్కు కారుతుంది. చెడిపోయిన కూర తింటే కడుపు నొస్తుంది. ఏ అవయవానికి జబ్బు చేస్తే ఆ అవయవమే బాధపడుతుందని మనం అనుకుంటాం. కాని 2020, 2021 సంవత్సరాలలో మన పల్లెలలోను, పట్నాలలోను ఒక వింత కనిపించింది. కొందరికి దగ్గు లేదు, జలుబు లేదు. ముందుగా వాంతులు, నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. “నిన్న తిన్నది పడలేదు” అని ఒకరు, “ఎండదెబ్బ తగిలింది” అని మరొకరు సరిపెట్టుకున్నారు. రెండు మూడు రోజులకు జ్వరం, ఆయాసం బయటపడ్డాయి. పరీక్ష చేయిస్తే కోవిడ్ అని తేలింది. ఈలోగా అదే ఇంట్లోని మిగతావారికీ అంటుకుంది.

కోవిడ్ అనేది శ్వాసమార్గం ద్వారా వచ్చే జబ్బు కదా! దానికి ప్రేగులతో ఏం పని? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడం పరీక్ష కోసమే కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో తేల్చుకోవడానికి కూడా అది అవసరం.

ఒకే గుమ్మం, రెండు దారులు

అద్దం ముందు నిలబడి నోరు తెరిచి చూడండి. నాలుక వెనుక కనిపించే భాగాన్ని గ్రసని అంటారు. ముక్కుతో పీల్చిన గాలీ, నోటితో మింగిన అన్నమూ ఇక్కడికే వస్తాయి. ఇక్కడి నుంచి గాలి వాయునాళంలోకి, అన్నం ఆహారవాహికలోకి విడిపోతాయి. రెండు దారులకూ గుమ్మం ఒక్కటే. కనుక గొంతులో చేరిన వైరస్ గాలిదారినే పట్టుకుని పోవాలన్న నియమం ఏమీ లేదు.

ఇంకో సంగతి ఉంది. వాయునాళం లోపలి గోడ మీద సన్నని కేశాల వంటి శైలికలు ఉంటాయి. అవి రాత్రింబగళ్ళు కదులుతూ, దుమ్మును, సూక్ష్మజీవులను పట్టుకున్న శ్లేష్మాన్ని పైకి నెడుతూ ఉంటాయి. అలా గొంతులోకి వచ్చిన శ్లేష్మాన్ని మనం ఏం చేస్తున్నాం? కొంత ఉమ్మివేస్తాం. ఎక్కువ భాగాన్ని మనకు తెలియకుండానే మింగివేస్తాం. అంటే శ్వాసమార్గంలో పెరిగిన వైరస్‌లు రోజంతా కడుపులోకి దిగుతూనే ఉంటాయన్నమాట.

పుట్టుకలో కూడా ఈ రెండు వ్యవస్థలు చుట్టాలే. తల్లి గర్భంలో పిండానికి నాలుగో వారం జరుగుతున్నప్పుడు, ఆహారనాళంగా మారబోయే గొట్టం ముందు భాగం నుంచి ఒక చిన్న మొగ్గ పొడుచుకు వస్తుంది. ఆ మొగ్గే పెరిగి, కొమ్మలు వేసి, ఊపిరితిత్తులవుతుంది. ఊపిరితిత్తుల లోపలి పొర, ప్రేగుల లోపలి పొర రెండూ అంతస్త్వచం అనే ఒకే పిండపొర నుంచి ఏర్పడినవి.

ప్లగ్గు, సాకెట్టు

మా చెల్పూరులో కాకతీయ తాప విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ బొగ్గు మండించి తయారుచేసిన విద్యుత్తు తీగల వెంట ఎన్నో ఊళ్ళకు పోతుంది. కాని తీగ పోయిన ప్రతిచోటా ఫ్యాను తిరగదు. గోడకు సాకెట్టు ఉండాలి, ఫ్యాను ప్లగ్గు పిన్నులు ఆ సాకెట్టు రంధ్రాలకు సరిపోవాలి. అప్పుడే పని జరుగుతుంది.

వైరస్ కూడా ఇలాంటిదే. అది స్వయంగా తినలేదు, పెరగలేదు, పిల్లలను పెట్టలేదు. ఏదైనా జీవకణంలోకి దూరితేనే దాని సంతతి పెరుగుతుంది. కోవిడ్ కలిగించే వైరస్ పేరు సార్స్-కోవ్-2. దాని ఒంటి మీద ముళ్ళ వంటి ప్రోటీనులు పొడుచుకుని ఉంటాయి. ఇవి ప్లగ్గు పిన్నులనుకోండి. మన కణాలలో కొన్నింటి మీద ఏస్-2 అనే ప్రోటీను ఉంటుంది. ఇది సాకెట్టు. శాస్త్రజ్ఞులు దీనిని గ్రాహకం అంటారు. ముల్లు ఈ గ్రాహకంలో సరిగ్గా అమరినప్పుడు, కణం మీద ఉండే మరొక ఎంజైము ఆ ముల్లును కత్తెర వలె కోస్తుంది. వెంటనే వైరస్ పొర కణపు పొరతో కలిసిపోయి, లోపలి జన్యుపదార్థం కణంలోకి జారిపోతుంది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. ఏస్-2 ను మన శరీరం వైరస్ కోసం పెట్టుకున్నదా? ఎంతమాత్రం కాదు. దానికి దాని పనులు ఉన్నాయి. రక్తపు పోటును అదుపులో ఉంచడంలో అది పాల్గొంటుంది. ప్రేగులలో అయితే, ఆహారంలోని కొన్ని అమైనో ఆమ్లాలను లోపలికి తీసుకునే ప్రోటీనుకు తోడుగా నిలుస్తుంది. మన అవసరానికి మనం పెట్టుకున్న సాకెట్టును వైరస్ వాడుకుంటున్నది, అంతే.

మరి ఈ సాకెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి? ముక్కులో ఉన్నాయి, ఊపిరితిత్తుల వాయుగోణులలో కొన్ని కణాల మీద ఉన్నాయి. కాని శరీరం మొత్తంలో ఇవి చాలా ఎక్కువగా ఉండే చోట్లలో ఒకటి చిన్నప్రేగు లోపలి గోడ! మనం అనుకున్న వింత ఇక్కడ విడిపోయింది. కోవిడ్ వైరస్‌కు ఊపిరితిత్తులే కాదు, చిన్నప్రేగు కణాలు కూడా అనుకూలమే. 2020లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మనిషి ప్రేగు కణాలతో ప్రయోగశాలలో చిన్న చిన్న ప్రేగు ముద్దలను పెంచి, వాటికి ఈ వైరస్‌ను తగిలించారు. వైరస్ ఆ కణాలలోకి ప్రవేశించి సంతతిని పెంచుకున్నది.

ఆమ్లపు కోటను దాటడం

“జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అది సూక్ష్మజీవులను చంపుతుంది అని పాఠంలో చదివాం కదా!” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కోవిడ్ వైరస్ పైపొర కొవ్వుతో చేసింది. అందుకే సబ్బు తగలగానే అది చిట్లిపోతుంది. ఆమ్లంలో కూడా అది ఎక్కువసేపు నిలవదు.

అయితే జీర్ణాశయంలోని ఆమ్లం తీవ్రత ఎల్లవేళలా ఒకేలా ఉండదు. అన్నం తిన్న వెంటనే ఆహారంతో కలిసి పలచబడుతుంది. పైగా వైరస్ ఒంటరిగా రాదు, చిక్కని శ్లేష్మం అనే దుప్పటి కప్పుకుని వస్తుంది. వచ్చిన లక్షలలో ఏ కొన్ని దాటినా చాలు. ఇదిగాక రక్తం ద్వారా కూడా ప్రేగులకు చేరే అవకాశం ఉంది.

ప్రేగు గోడలో ఏం జరుగుతుంది?

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒకే కొలత గల రెండు గుడ్డలు తీసుకోండి. ఒకటి నున్నటి పలుచని గుడ్డ, రెండవది నూలు ఉంగరాలు పైకి లేచి ఉండే తువ్వాలు ముక్క. రెండు గిన్నెలలో సమానంగా నీళ్ళు కొలిచి పోసి, ఒక్కో గుడ్డను ఒక్కో గిన్నెలో ముంచండి. పైకెత్తి, చుక్కలు పడడం ఆగాక వేరే గిన్నెలలోకి పిండి కొలవండి. తువ్వాలే ఎక్కువ నీటిని పీల్చిందని తేలుతుంది. దాని మీది నూలు ఉంగరాల వల్ల ఉపరితలం పెరిగింది.

చిన్నప్రేగు లోపలి గోడ తువ్వాలు వంటిదే. అక్కడ ఒక మిల్లీమీటరు కూడా మించని వేళ్ళ వంటి ఆంత్రచూషకాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. వాటి కణాల మీద ఇంకా సూక్ష్మమైన చూషకాలు ఉంటాయి. ప్రేగు వైశాల్యం టెన్నిస్ మైదానమంత అని పాత పుస్తకాలలో రాశారు. 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో కొలిచి చూసి, మొత్తం జీర్ణనాళపు వైశాల్యం 30 చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువని తేల్చారు. అయినా అది ఒక మోస్తరు తరగతి గది నేలంత!

ఈ వైశాల్యం ఎందుకో ఒక లెక్కతో తెలుస్తుంది. మనం రోజుకు తాగే నీరు, ఆహారంలోని నీరు కలిసి సుమారు 2 లీటర్లు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, ఆంత్రరసం అన్నీ కలిపి మరో 7 లీటర్లు. అంటే రోజుకు దాదాపు 9 లీటర్ల ద్రవం ప్రేగులోకి వస్తుంది. మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే. మిగిలినదంతా ప్రేగు గోడలు తిరిగి పీల్చుకుంటాయి.

ఇప్పుడు వైరస్ ఆంత్రచూషకాల కణాలలో చేరిందనుకోండి. కణాలు దెబ్బతింటాయి. శరీర రక్షణదళాలు అక్కడికి చేరి పోరాడడంతో ప్రేగు గోడ వాస్తుంది. పీల్చుకునే పని కుంటుపడుతుంది. కొన్ని కణాలు తిరిగి నీటిని ప్రేగులోకే వదులుతాయి. 9 లీటర్లలో ఒక్క లీటరు పీల్చుకోకుండా మిగిలిపోయినా ఏమవుతుంది? నీళ్ళ విరేచనాలు అవుతాయి. ఊరట కలిగించే విషయం ఏమిటంటే, ప్రేగు లోపలి కణాలు మూడు నుంచి అయిదు రోజులకొకసారి కొత్తవి పుట్టి పాతవాటి స్థానంలో చేరుతుంటాయి. అందుకే చాలామందిలో ఈ బాధ కొద్దిరోజులలో తగ్గిపోతుంది.

అన్నిటికీ ప్రేగే కారణం కాదు

జ్వరం తగిలినప్పుడు అన్నం సహించదు. అది ఏ జ్వరమైనా సరే. వైరస్‌తో పోరాడేటప్పుడు రక్షణకణాలు కొన్ని రసాయన సంకేతాలను రక్తంలోకి వదులుతాయి. అవి మెదడును చేరి ఆకలిని అణచివేస్తాయి, వికారం కలిగిస్తాయి. వాంతిని నడిపించే కేంద్రం కడుపులో లేదు, మెదడు అడుగుభాగమైన మజ్జాముఖంలో ఉంది. చిన్నపిల్లలకు దగ్గు తెరలు తెరలుగా వచ్చినప్పుడు కూడా వాంతి అవుతుంది. ఇన్‌ఫ్లుయెంజా, అనగా ఫ్లూ వచ్చినప్పుడు పెద్దలకంటే పిల్లలలో వాంతులు, విరేచనాలు ఎక్కువ.

మందుల సంగతి కూడా మరువరాదు. కొందరు జ్వరం రాగానే దుకాణంలో అడిగి ఆంటీబయోటిక్ బిళ్ళలు మింగుతారు. అవి బాక్టీరియాను చంపుతాయే గాని వైరస్‌ను ఏమీ చేయలేవు. పైగా మన ప్రేగులలో ఉండి మేలు చేసే బాక్టీరియాను కూడా చంపి, కొత్తగా విరేచనాలు తెచ్చిపెడతాయి. అంటే జబ్బు వల్ల కొంత, వైద్యం పేరుతో కొంత!

హాంగ్‌కాంగ్ పాఠం

ప్రేగులకు పాకే కరోనా వైరస్‌ను శాస్త్రజ్ఞులు చూడడం 2020లోనే మొదలు కాదు. 2003లో సార్స్ అనే జబ్బు ప్రబలింది. అప్పుడు హాంగ్‌కాంగ్‌లోని ఎమోయ్ గార్డెన్స్ అనే బహుళ అంతస్తుల నివాసంలో కొద్ది రోజులలోనే 300 మందికి పైగా ఆ జబ్బు సోకింది. 42 మంది మరణించారు. రోగులలో మూడింట రెండు వంతుల మందికి విరేచనాలు ఉండడం వైద్యులను ఆలోచనలో పడేసింది. మొదట అక్కడికి వచ్చిన రోగికి కూడా విరేచనాలే.

పరిశోధకులు మురుగు గొట్టాలను చూశారు. స్నానాల గది నేలలోని గొట్టానికి కింద ఇంగ్లీషు యు అక్షరం ఆకారంలో ఒక వంపు ఉంటుంది. అందులో ఎప్పుడూ నీరు నిలిచి ఉంటే ఆ నీరే మూతలాగా పనిచేసి, మురుగు గొట్టంలోని గాలిని గదిలోకి రానివ్వదు. చాలా ఇళ్ళలో ఆ వంపులు ఎండిపోయాయి. గాలిని బయటికి లాగే పంకా తిరిగినప్పుడు, మురుగు గొట్టంలోని వైరస్ తుంపరలు గదులలోకి వచ్చాయి. ఒక్క చెంబెడు నీళ్ళు ఆ రంధ్రంలో పోసి ఉంచితే అడ్డుపడే ప్రమాదం అది.

2020 జనవరిలో అమెరికాలో గుర్తించిన మొట్టమొదటి కోవిడ్ రోగి కథ కూడా ఇటువంటిదే. అతనికి దగ్గు, జ్వరంతో పాటు రెండు రోజులుగా వికారం, వాంతులు ఉన్నాయి. ఆసుపత్రిలో చేరాక విరేచనం అయింది. మలాన్ని పరీక్షిస్తే అందులోనూ వైరస్ ఆనవాలు దొరికింది. తరువాత ఎన్నో దేశాలలో జరిగిన పరిశీలనలలో, కోవిడ్ రోగులలో సుమారు పదిమందికి ఒకరిద్దరిలో జీర్ణసంబంధమైన లక్షణాలు కనిపించాయి. మలంలో వైరస్ జన్యుపదార్థం మాత్రం దాదాపు సగం మందిలో కనిపించింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2020లో వికారాన్ని, విరేచనాలను కోవిడ్ లక్షణాల పట్టికలో చేర్చింది.

హైదరాబాదు మురుగునీరు చెప్పిన లెక్క

మలంలో వైరస్ ఆనవాలు ఉంటే అది చివరకు ఎక్కడికి పోతుంది? మురుగునీటిలోకి. ఈ ఒక్క ఆలోచనతో మన హైదరాబాదులో ఒక గొప్ప పని జరిగింది. సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. అనే రెండు జాతీయ పరిశోధన సంస్థల శాస్త్రజ్ఞులు నగరంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తెచ్చి, వాటిలో వైరస్ ఆర్.ఎన్.ఎ. ఎంత ఉందో కొలిచారు. ఒక రోగి మలంలో ఎంత ఆర్.ఎన్.ఎ. పోతుందో తెలుసు. నగరపు మురుగునీరు ఎంతో తెలుసు. ఇక మిగిలింది మీరు చేసే లెక్కల వంటిదే.

వ్యాధి సోకినవారి మలంలో వైరస్ ఆనవాలు 35 రోజుల వరకు కనిపించవచ్చు. ఆ కాలాన్ని దృష్టిలో ఉంచుకుని లెక్కవేయగా, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి, అనగా జనాభాలో నూటికి 6.6 మందికి వైరస్ సోకి ఉంటుందని 2020 ఆగస్టులో ప్రకటించారు. అప్పటికి పరీక్షలలో తేలిన రోగుల సంఖ్య దీనిలో చిన్న భాగం మాత్రమే. ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టకుండానే, ఎవరి పేరూ అడగకుండానే ఊరంతటి ఆరోగ్యాన్ని కాలువ చెప్పింది! ఆ నీటిలో దొరికిన వైరస్ మరొకరికి సోకే స్థితిలో లేదని కూడా ఆ శాస్త్రజ్ఞులు తెలిపారు.

ఈ పద్ధతి హైదరాబాదుకు కొత్త కాదు. 2016లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా మూలం నుంచి పుట్టిన పోలియో వైరస్ కనిపించింది. ఒక్క పిల్లవాడికి కూడా పక్షవాతం రాకముందే, ఆ జూన్ నెలలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో లక్షలాది పిల్లలకు టీకాలు వేశారు.

ఉప్పు, చక్కెర, నీరు

విరేచనాలలో మనిషిని చంపేది చాలాసార్లు వైరస్ కాదు, నీరు పోవడం. నీటితోపాటు లవణాలు కూడా పోతాయి. నోరు ఎండుతుంది, కళ్ళు లోపలికి పోతాయి, మూత్రం తగ్గుతుంది. “విరేచనాలవుతుంటే నీళ్ళు తాగితే ఇంకా ఎక్కువవుతాయి” అని కొందరు నీళ్ళు కూడా ఇవ్వరు. అది చాలా ప్రమాదం. జ్వరంతో చెమట పోతూ, ఆయాసంతో ఊపిరి వెంట ఆవిరి పోతూ ఉండే కోవిడ్ రోగికి మరింత ప్రమాదం.

చిన్నప్రేగు కణాల మీద ఒక చిత్రమైన ద్వారం ఉంది. సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే అది లోపలికి లాగుకుంటుంది. ఆ రెండింటి వెనుక నీరు కూడా పోతుంది. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ వివరించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగులకు తాగించాడు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 కంటే తగ్గిపోయాయి. మనం ఓ.ఆర్.ఎస్. అంటున్నది దానినే.

ప్యాకెట్టు దొరికితే దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. దొరకకపోతే కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు. కొద్దికొద్దిగా, పలుమార్లు తాగించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. గంజి, మజ్జిగ, మెత్తటి అన్నం మానిపించకూడదు.

గుర్తుంచుకోవలసిన సంగతులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ మాత్రం లోకం విడిచి పోలేదు. ఫ్లూ కూడా ప్రతి ఏడూ వస్తూనే ఉంది. కనుక ఊళ్ళో జ్వరాలు, దగ్గులు ఉన్న రోజులలో ఇంట్లో ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, అది తిండి దోషమేనని తేల్చివేయకూడదు. వాసన తెలియకపోవడం, ఒళ్ళునొప్పులు, జ్వరం ఉన్నాయేమో అడగాలి. రోగిని వేరే గదిలో ఉంచి, మూతికి మాస్కు కట్టి, ఆరోగ్య కేంద్రంలో చూపించాలి.

ఈ వైరస్ ముఖ్యంగా గాలి ద్వారానే వ్యాపిస్తుంది. అయినా మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి మూత వేసి నీళ్ళు వదలడం, వాడిన గదికి గాలి తగిలేలా చూడడం మంచిది. విరేచనాలు కలిగించే ఇతర వైరస్‌ల నుంచి కూడా ఈ అలవాట్లు కాపాడతాయి.

మలంలో రక్తం పడినా, మనిషి మత్తుగా పడి ఉన్నా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, ఊపిరి ఆడకపోయినా ఇంటివైద్యం చాలు అనుకోరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

పుస్తకంలో శ్వాసవ్యవస్థ ఒక పాఠం, జీర్ణవ్యవస్థ మరో పాఠం. అది మన చదువు సౌకర్యం కోసం చేసుకున్న విభజన. వైరస్ మన పాఠ్యపుస్తకం చదవలేదు. సాకెట్టు ఎక్కడ ఉంటే అక్కడికి పోతుంది.

ఆలోచించండి:
1. కోవిడ్ తగ్గినవారి మలంలో చాలా రోజుల వరకు వైరస్ ఆర్.ఎన్.ఎ. కనిపిస్తుంది. అంటే అన్ని రోజులూ వారి నుంచి జబ్బు అంటుకుంటుందని చెప్పవచ్చునా?
2. విరేచనాల రోగికి వట్టి నీళ్ళకంటే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు ఎందుకు మేలు?
3. మీ ఇంట్లో స్నానాల గది గొట్టానికి వంపు ఉందా? అందులో నీరు నిలిచి ఉందా? చూసి రండి.